గువ్వలు తాగిన పావు అంగుళం

మంగళవారం పొద్దున నియేవెస్ బ్రాకమోంతే తన పెరట్లో బకెట్లు కడుగుతూ ఒకదాని దగ్గర ఆగిపోయింది. దాని లోపలి అంచుకు ఒక ఈక అంటుకుని ఉంది. బూడిద రంగు, కొసన తెల్ల గీత. పక్కనే రెట్ట, ఎండిపోయి సున్నంలా ఉంది. బకెట్టు తిప్పి చూసింది. అంచు చుట్టూ ఇంకో ఆరు చోట్ల రెట్టలున్నాయి.

ఆ బకెట్టు పోయిన వారం సాలిత్రే ఊరి ఈతకొలనులో, మెట్టు మీద, రెండు రోజులు ఉండి వచ్చింది. అది చెప్పింది నమ్మి ఆమె కాగితం రాసి సంతకం పెట్టింది: "కొలనులో లీకు లేదు. పోతున్న నీరంతా ఎండకే పోతోంది."

ఇరవై మూడేళ్ళుగా ఆమె చేస్తున్నది ఇదే పని. అరిజోనా ఎడారిలో కొలను ఉన్న ప్రతి మనిషికీ జూన్ నెల వచ్చేసరికి ఒకటే అనుమానం. నీళ్ళు తగ్గుతున్నాయి, తాగుతున్నది ఎండా, నేలా? తేల్చడానికి ఒక బకెట్టు చాలు. మెట్టు మీద, అంచు నీటికి పైన ఉండేట్టు దాన్ని పెట్టి, కొలను నీళ్ళతోనే నింపాలి. లోపల నీటిమట్టం దగ్గర ఒక గీత, బయట కొలను మట్టం దగ్గర ఒక గీత. మర్నాడు అదే వేళకు చూడాలి. ఎండ రెండింటినీ సమానంగా తాగుతుంది. బకెట్టుకు చిల్లు లేదు కాబట్టి, కొలను అంతకంటే ఎక్కువ దిగితే ఆ తేడాయే లీకు. సాలిత్రేలో లోపలా బయటా ముప్పావు అంగుళమే దిగింది. రెండు రోజులూ అంతే.

నియేవెస్ వంటింట్లోంచి కొలగిన్నెతో నీళ్ళు తెచ్చి బకెట్టులో పోసింది. మట్టం పావు అంగుళం పెరగడానికి అర లీటరు కూడా పట్టలేదు. ముప్పై గువ్వలు ఒక్కోసారి వచ్చి తాగిపోతే సరిపోతుంది. కొలనులో అయితే ముప్పై గువ్వలు కాదు, మూడు వేలు తాగినా గీత కదలదు.

కొలనంత నీళ్ళు పక్కనే పెట్టుకుని గువ్వ బకెట్టులోకి ఎందుకు వస్తుంది? అదొక్కటే ఆమెకు అర్థం కాలేదు. బకెట్లన్నీ బండిలోకి ఎక్కించింది.

*

సాలిత్రే అక్కడికి తొంభై మైళ్ళు. రాగి గని మూతపడి నలభై ఏళ్ళయింది. ఊళ్ళో మిగిలింది ఒక బడి, ఒక చర్చి, రెండు కొట్లు, ఈతకొలను. ఈ ఏడు నదిలో ఊరి వాటా కోసేశారు. అందుకని ఊరి సభ కొలనుకు ఒక హద్దు పెట్టింది: రోజుకు అర అంగుళానికి మించి నీళ్ళు తగ్గితే మళ్ళీ నింపనివ్వరు. మట్టితో పూడ్చేస్తారు. తగ్గుతున్నది ముప్పావు. లీకు ఉంటే మూసుకోవచ్చు. ఎండే అయితే ఎండను ఎవరూ మూయలేరు. కాబట్టి ఆ ఊళ్ళో జనమంతా లీకు ఉండాలనే కోరుకున్నారు. నియేవెస్ వచ్చి లేదని రాసింది. శుక్రవారం పదింటికి సభ. సోమవారం మట్టి లారీలు.

ఆమె బుధవారం పొద్దున్నే కొలను దగ్గర బండి ఆపింది. టికెట్లు ఇచ్చే కిటికీలోంచి చాయో చూసింది. చాయోకు అరవై ఎనిమిదేళ్ళు. పదకొండేళ్ళుగా ఆ కిటికీ ఆమెది.

"దోన్ డెల్ఫీనో, వచ్చింది చూడు మంచుగడ్డ," అని లోపలికి కేకేసింది. నియేవెస్ అంటే వాళ్ళ స్పానిష్ భాషలో మంచు. "పేరేమో మంచు, తెచ్చేదేమో నిప్పు. మళ్ళీ ఏ కాగితం పట్టుకొచ్చావే? పూడ్చేటప్పుడు పాడే పాటా?"

"తప్పు చేశానేమోనని వచ్చాను, చాయోమ్మా."

"ఏమో ఏంటి? చేశావు. నాకు ఆ రోజే తెలుసు."

"ఏం తెలుసు?"

"ఏదో ఒకటి తెలుసులే. నువ్వు ముందు ఇది తిను." గోధుమ రొట్టెలో బీన్స్ చుట్టి కిటికీలోంచి చేతికిచ్చింది. తిట్టేటప్పుడు కూడా ఆమె తిండి పెట్టడం మానదు.

రొట్టె తింటూ నియేవెస్ కిటికీ కింద చూసింది. గోడ వారగా ఒక మట్టి గిన్నె బోర్లించి ఉంది. పోయిన వారం కూడా అలాగే ఉందని ఇప్పుడు గుర్తొచ్చింది.

"ఈ గిన్నె ఎవరిది?"

"గువ్వలది. పదకొండేళ్ళు రోజూ నింపాను. ఒకటో తారీకున ఆ ప్రూయిట్ వచ్చి ఇదిగో, ఇది అంటించి పోయాడు." కిటికీ అద్దం మీద నీటి ఆఫీసు కాగితం ఉంది. ఆరుబయట పాత్రల్లో నీళ్ళు పెట్టరాదు. పక్షుల గిన్నెలు, ఫౌంటెన్లు, అన్నీ. "గువ్వకు చదువొస్తే చదువుకునేది పాపం."

"కొలనులో తాగొచ్చుగా అవి?"

"నీళ్ళు జానెడు దిగిపోయి ఉంటే ఎలా తాగుతాయే? గట్టు మీంచి మెడ అందదు. దూకి మునిగిపోతాయా?"

నియేవెస్ నమలడం ఆపింది. గట్టు నుంచి అందని నీళ్ళు, బోర్లించిన గిన్నె, మధ్యలో అంచు దాకా నింపి ఆమె పెట్టిపోయిన బకెట్టు. ఊళ్ళో గువ్వలకు ఆ రెండు రోజులూ మిగిలిన చోటు అదొక్కటే.

"చాయోమ్మా, కోళ్ళ గూటికి కట్టే జాలీ ఉందా నీ దగ్గర?"

"కోడినే ఇస్తాను, కొలను నిలబెట్టు."

ఆ పొద్దున మెట్టు మీద రెండు బకెట్లు పెట్టింది. ఒకటి మూత లేకుండా, పోయిన వారంలాగే. రెండో దానికి జాలీ కట్టింది, ఎండా గాలీ తగిలేట్టు, ముక్కు దూరకుండా. గీతలు గీసింది. నీటి ఆఫీసుకు ఫోన్ చేసి గార్లండ్ ప్రూయిట్‌ను పిలిచింది.

ప్రూయిట్ సభలో నీళ్ళ విషయం చూసే మనిషి. అతను ఏది చెబితే సభ అదే చేస్తుంది. వచ్చి, టోపీ తీసి, బకెట్ల చుట్టూ నడిచాడు.

"పోయిన శుక్రవారం మీరే కదా లేదన్నారు."

"అన్నాను."

"ఇప్పుడు?"

"రేపు ఆరింటికి రండి. మీ కళ్ళతో మీరే చదవండి."

"రేపు ఉందని తేలితే? ఉందంటే చాలదు నియేవెస్ గారూ. ఎక్కడుందో చూపించాలి, మూయాలి, మూతపడిందని మళ్ళీ బకెట్టు చెప్పాలి. శుక్రవారం పదింటికి సభ."

"తెలుసు."

"ఖాళీ చేసి చూడకూడదా?"

"ఈ ఎండకు ఖాళీ చేస్తే గోడల మీద గిలాబు ఒక్క పూటలో పగులుతుంది. ఒక చిల్లు వెతకబోయి వంద చేసుకుంటాం. నీళ్ళుండగానే వెతకాలి."

*

బుధవారమంతా వెతికింది. పంపు ఆపించి, గొట్టాలకు రెండు వైపులా బిరడాలు బిగించి, గాలి ఎక్కించి ఒత్తిడి చూపే ముల్లు చూసింది. ఒక్కో గొట్టానికి ఇరవై నిమిషాలు. ముల్లు కదల్లేదు, అంటే గొట్టాల్లో చిల్లు లేదు. నీడలో నలభై ఆరు డిగ్రీలు. గట్టు మీద మోకాళ్ళు ఆనించాలంటే తడిపిన గోనె పరుచుకోవాలి. దీపాల గూళ్ళ దగ్గర, నిచ్చెన కాళ్ళ దగ్గర, చెత్త లాగే నోళ్ళ దగ్గర సిరంజితో చుక్క చుక్కగా ఎర్ర రంగు వదిలింది. లీకు ఉన్న చోట రంగు ఆగదు, లోపలికి పోతుంది. అన్ని చోట్లా ఆగింది.

గురువారం ఆరింటికి ప్రూయిట్ వచ్చాడు. కొలను ముప్పావు అంగుళం దిగింది. మూత లేని బకెట్టు ముప్పావుకు వెంట్రుక వాసి తక్కువ. జాలీ కట్టిన బకెట్టు అర అంగుళం కూడా దిగలేదు.

ప్రూయిట్ వంగి మూడు గీతలూ రెండేసి సార్లు కొలిచాడు. మూత లేని బకెట్టు అంచు మీద కొత్త రెట్ట ఉంది. దాన్ని వేలితో తాకి చూశాడు.

"అంటే గువ్వలు," అన్నాడు.

"గువ్వలు. మీ కాగితం వల్ల."

"నా కాగితం వల్ల," అన్నాడు ప్రూయిట్. "సరే. లీకుందని ఒప్పుకుంటున్నాను. ఎక్కడ?"

నియేవెస్ గట్టు మీద కూర్చుని కొలను వైపు చూసింది. అడుగూ గోడలూ కలిపితే నాలుగు వేల చదరపు అడుగుల పైన. సిరంజితో అంగుళం అంగుళం చూసుకుంటూ పోతే నెల పడుతుంది. ఉన్నది ఒక్క రోజు.

దోన్ డెల్ఫీనో ఉరియాస్ నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి. గనిలో పని పోయినప్పటి నుంచీ ఊళ్ళో పిల్లలకు ఈత నేర్పుతున్నాడు. ఇప్పుడు నీళ్ళలోకి దిగడు, గట్టు మీంచి వెదురు కర్రతో పిల్లల మోచేతులు సర్దుతాడు. పదిరోజుల్లో సాన్ హువాన్ పండుగ. ఆ రోజు ఊరంతా నీళ్ళలో దిగాలి. ఈసారి ఎక్కడ దిగుతారని ఆయన రెండు రోజులుగా అడుగుతున్నాడు, ఎవరినీ చూడకుండా.

"ఈ కొలను ప్రతి శనివారం ఖాళీ అయ్యేది," అన్నాడు. "ప్రతి వారం నింపేవాళ్ళు. అప్పుడు ఎవడూ నీళ్ళు లెక్కపెట్టలేదు."

"ఎందుకు ఖాళీ చేసేవాళ్ళు?" ప్రూయిట్ అడిగాడు.

"గని కంపెనీ కాలంలోనా? సోమవారం నుంచి శుక్రవారం దాకా మీ తెల్లవాళ్ళు. శనివారం మెక్సికో వాళ్ళం మేమూ, ఓధమ్ తెగ పిల్లలూ. మేం దిగాక ఆ నీళ్ళు పనికిరావుగా. సాయంత్రం వదిలేసేవాళ్ళు. ఆదివారం తోమి మళ్ళీ నింపేవాళ్ళు."

ప్రూయిట్ టోపీ అంచు సర్దుకున్నాడు.

నియేవెస్ మాత్రం లేచి ఆయన కుర్చీ దగ్గరికి వచ్చింది. "దోన్ డెల్ఫీనో, ఎలా వదిలేవాళ్ళు?"

"ఎలా ఏంటి తల్లీ? కిందికి పోయేవి."

"ఎటు? ఇప్పుడు అడుగునున్న గొట్టం పంపు గదికి పోతుంది. పంపు ఎప్పుడు పెట్టారు?"

ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టాడు. "నాకు పదేళ్ళప్పుడు. నీళ్ళు శుభ్రం చేసే మిషను తెచ్చారు. ఇక ఖాళీ చేయక్కర్లేదన్నారు."

"మరి దానికి ముందు నీళ్ళు ఏ దారిన పోయాయి?"

"నా దగ్గర ప్లాన్లున్నాయి," అన్నాడు ప్రూయిట్. "ఇంకో గొట్టం ఏదీ లేదు."

"ప్లాన్ గీసినవాడు శనివారం ఈదలేదు బాబూ," అన్నాడు దోన్ డెల్ఫీనో.

కర్ర అందుకుని లేచాడు. లోతు వైపు గట్టు వెంట నడిచాడు. మిగతా ఇద్దరూ వెనక నడిచారు. చాయో కిటికీ వదిలి వచ్చింది.

"మేం బయటికి వచ్చేవాళ్ళం కాదు. నీళ్ళు మెడ దాకా, నడుం దాకా, మోకాళ్ళ దాకా దిగేదాకా అందులోనే. చివర్న ఒక మూలకు చేరేవాళ్ళం. అక్కడ మడమల్ని లాగేది. ఎవడి కాలు ఎక్కువసేపు ఆనించి నిలబడితే వాడు గెలిచినట్టు. మా అన్న ఎప్పుడూ గెలిచేవాడు." ఆయన కొండ వైపు చూశాడు. కొండ నడినెత్తిన ఒక గండి ఉంది, దానికి ఇవతల కొలను గేటు దగ్గర జెండా కర్ర. రెండడుగులు ఎడమకు జరిగాడు. మళ్ళీ చూశాడు. ఇంకో అడుగు. "తల ఎత్తితే ఆ గండి జెండా కర్ర మీద సరిగ్గా కూర్చునేది. ఇక్కడ. ఈ గోడ కింద."

"డెబ్బై ఏళ్ళ కిందటి మాట నమ్మి దిగుతారా?" అన్నాడు ప్రూయిట్.

నియేవెస్ అప్పటికే నడుముకు సీసం బరువులు కట్టుకుంటోంది.

గట్టు మీద చిన్న మిషను నుంచి గాలి గొట్టం నోటికి వస్తుంది. అది కరిచి పట్టుకుని తొమ్మిదడుగులు దిగింది. గోడ అడుగుకు కలిసే చోట అరచేత్తో తడుముతూ పోయింది. కంటికి ఏమీ లేదు. గిలాబు మీద గిలాబు, తెల్ల రంగు. వేళ్ళకు మాత్రం ఒక అంచు తగిలింది. కొంచెం ఎత్తు, తిన్నగా, ఒక అడుగు పొడవు. మలుపు. మళ్ళీ తిన్నగా. ఎవరో ఎప్పుడో ఒక చదరపు కంత మూసి పైన పూత పూశారు.

నీళ్ళు కదలకుండా కాసేపు ఆగింది. సిరంజి అంచుకు దగ్గరగా పెట్టి ఒక చుక్క వదిలింది. ఆగింది. బెత్తెడు జరిగి ఇంకో చుక్క. ఆగింది. కింది అంచు దగ్గర మూడో చుక్క దారంలా సాగి గోడలోకి పోయింది.

నమ్మకం కోసం ఇంకోసారి వదిలింది. మళ్ళీ పోయింది. వేలెడు పొడవు బీట.

పైకి వచ్చి నోట్లోంచి గొట్టం తీసింది. "ఉంది."

దోన్ డెల్ఫీనో తలూపాడు, నిన్నటి సంగతి చెబుతున్నట్టు. చాయో సిలువ గుర్తు వేసుకుని, "నాకు తెలుసు," అంది.

"నీకు అన్నీ తెలుసు," అన్నాడు దోన్ డెల్ఫీనో. "మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"అడిగారా?"

నియేవెస్ ప్రూయిట్‌కు పార చూపించింది. "గొట్టానికి రెండో కొస ఉండాలి. ఈ గోడకు అవతల, పల్లం వైపు, ఎండు వాగులో. మీరు వెతకండి."

"మీరు కంత తవ్వి చూస్తారా?"

"తవ్వను. ఈ లోతులో పాత గొట్టం నోరు తెరిస్తే చెయ్యి లాక్కుంటుంది. మూస్తాను."

నీళ్ళలో గట్టిపడే లప్పం రెండు ముద్దలుగా వస్తుంది, ఒకటి నలుపు, ఒకటి తెలుపు. గట్టు మీద కూర్చుని రెండూ కలిపి పిసికింది. చారలు పోయి ఒకే బూడిద రంగు వచ్చేదాకా పిసకాలి. ఒక్క చార మిగిలినా అక్కడ ఊడుతుంది. ఎండకు చేతిలోనే గట్టిపడడం మొదలైంది. మొదటి ముద్ద పారేసింది. రెండోది నీళ్ళలో ముంచి పిసికింది. దిగి, ఇనప కుంచెతో అంచు గీకి, లప్పం బీటలోకి బొటనవేలితో కుక్కింది. తర్వాత ఆ చదరం నాలుగు వైపులా పట్టీలా పరిచింది. ఆరుసార్లు పైకి వచ్చి ఆరు ముద్దలు పిసికింది. మధ్యాహ్నం దాటింది. బొటనవేలి చర్మం లేచిపోయింది.

రంగు మళ్ళీ వదిలింది. చుక్క గోడ ముందు నిలబడింది. నెమ్మదిగా విచ్చుకుని నీళ్ళలో కలిసిపోయింది.

గట్టెక్కేసరికి ప్రూయిట్ వాగులోంచి వస్తున్నాడు. చొక్కా ఒంటికి అతుక్కుంది. టోపీ నెత్తిన లేదు, చేతిలో ఉంది. టోపీ నిండా ఇసుక. ఆమె ముందు పెట్టాడు. నియేవెస్ వేళ్ళు పెట్టి చూసింది. తడి.

"మట్టి గొట్టం," అన్నాడు. "మోకాలి లోతున. చుట్టూ ఇలాగే ఉంది. నాలుగు నెలలుగా చుక్క వాన లేదు ఇక్కడ."

టోపీని దోన్ డెల్ఫీనో వైపు జరిపాడు. ఆ పెద్దాయన గుప్పెడు ఇసుక తీసి పిడికిలి బిగించాడు. విప్పితే ముద్ద విడిపోలేదు.

"ఆ ప్లాన్లో దీన్ని గీసుకో బాబూ," అన్నాడు.

"గీస్తాను, దోన్ డెల్ఫీనో," అన్నాడు ప్రూయిట్. పెద్దమనిషికిచ్చే ఆ 'దోన్' మాటతో ఆయన్ను పిలవడం అతనికి అదే మొదటిసారి. చాయో నియేవెస్‌ను మోచేత్తో పొడిచింది.

ఆ సాయంత్రం నియేవెస్ వాగులో గొట్టం కొసకు రబ్బరు బిరడా బిగించింది. కొలనులో బకెట్లు మళ్ళీ నింపి కొత్త గీతలు గీసింది. రోజంతా కాకపోయినా, లీకుంటే తెల్లారేసరికి కొలనుకూ జాలీ బకెట్టుకూ తేడా తెలుస్తుంది; రోజుకు ఎండ తాగేది ఎంతో ఆ బకెట్టు పొద్దున్నే చెప్పింది.

*

శుక్రవారం ఆరింటికి నలుగురూ గట్టు మీద ఉన్నారు. ప్రూయిట్ బోర్లా పడుకుని కొలబద్ద నీళ్ళలోకి దించాడు. కొలిచి, జాలీ బకెట్టు దగ్గరికి పాకాడు. అక్కడా కొలిచాడు. మళ్ళీ వెనక్కి పాకి కొలను గీత చూశాడు.

"పీకల దాకా వచ్చింది ప్రాణం, చెప్పవయ్యా," అంది చాయో.

"పావు అంగుళం లోపు," అన్నాడు. "రెండూ ఒకటే."

మూత లేని బకెట్టు పావు అంగుళం ఎక్కువ దిగింది. ఒక గువ్వ దాని అంచు మీద కూర్చుని, వీళ్ళను చూసి కూడా ఎగరకుండా, తల వంచి తాగుతోంది.

దోన్ డెల్ఫీనో కర్ర పక్కన పెట్టాడు. చెప్పులు విడిచి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, పై మెట్టు మీద కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చున్నాడు.

నియేవెస్ బండి మూత మీద కాగితం పెట్టుకుని రాసింది. ప్రూయిట్ ఆమె భుజం మీంచి చదివాడు. "నా మొదటి పరీక్ష తప్పు. కారణం, బకెట్టులో గువ్వలు తాగాయి. చూసుకోకపోవడం నా పొరపాటు. రెండో పరీక్షలో లీకు తేలింది. మూశాను. ఇక తగ్గేది సభ పెట్టిన హద్దు లోపలే."

"ఆ పొరపాటు మాట అవసరమా? లీకు మూశానని రాస్తే చాలదా?"

"మొదటి కాగితం మీ ఫైల్లో ఉంది. అది ఎందుకు తప్పో చెప్పకపోతే దీన్ని ఎవరు నమ్ముతారు? సభలో ఇలాగే చదవండి."

"నవ్వుతారు."

"నవ్వనీండి. పూడ్చరు కదా."

ప్రూయిట్ కాగితం అందుకోబోయాడు. ఆమె ఇవ్వలేదు. కింద ఇంకో వాక్యం రాసింది: "కొలత సరిగ్గా రావాలంటే గువ్వలకు వేరే గిన్నె ఉండాలి. నీరు రోజుకు రెండు లీటర్లు."

ప్రూయిట్ చదివాడు. కిటికీ అద్దం మీద తను అంటించిన కాగితం వైపు చూశాడు.

"పరీక్ష ఎన్నాళ్ళు?"

"కొలను ఉన్నన్నాళ్ళు."

అతను జేబులోంచి పెన్ను తీసి ఆ వాక్యం పక్కన, ఒప్పుకున్నట్టు, పొట్టి సంతకం పెట్టాడు. చాయో అప్పటికే గోడ వారకు వెళ్ళి, గిన్నె తిరగేసి, ఏప్రన్ కొసతో మట్టి తుడుస్తోంది.